నైతిక తేడాల కమిటీ

"మన దేశంలో బానిసలు లేరు. ఈ సంగతి పక్కాగా తేల్చడానికి ఒక కమిటీ వేశాను. లేరని ఆ కమిటీ ఇరవై ఒక్క రోజుల్లో తేలుస్తుంది," అని కార్మిక మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. సభ్యులు బల్లలు చరిచారు. కునుకు తీస్తున్న సభ్యులు ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, తామూ రెండేసిసార్లు చరిచి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. తేలబోయేదేమిటో ముందే చెప్పేసి, తర్వాత తీరిగ్గా కమిటీ వెయ్యగల ముందుచూపు ఈయనకి తప్ప ఇంకెవరికీ లేదని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఇదంతా కుర్చీల వల్ల వచ్చింది. ఒక విదేశీ కంపెనీ మన దగ్గర ఎనభై వేల చెక్క కుర్చీలు కొంటానని ముందుకొచ్చి, చివర్లో చిన్న మెలిక పెట్టింది. ఈ కుర్చీలు బానిసల చేత చేయించినవి కావని రాసివ్వాలి. మన కుర్చీల్లో సగం జైల్లో ఖైదీలు చేస్తారు. మిగతా సగం ఊరి చివర షెడ్డులో ఒప్పందం కూలీలు చేస్తారు.

"రాసివ్వడానికేముంది? రాసిచ్చేద్దాం," అన్నారు మంత్రిగారు.

"ఊరికే రాసిస్తే కుదరదట సార్. బానిసకీ, ఖైదీకీ, ఒప్పందం కూలీకీ మధ్య నైతికంగా తేడా ఏమిటో వివరించాలట," అన్నాడు శాఖ కార్యదర్శి.

"నైతికంగా అంటే?"

"అంటే మంచీ చెడూ ప్రకారం సార్."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. "అయితే అది మన శాఖ కాదు. అయినా పర్లేదు, చేద్దాం."

ఆ విధంగా నైతిక తేడాల కమిటీ పుట్టింది. అధ్యక్షుడు మంత్రిగారే. నీతిశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరుగారొకరు సభ్యుడు. కార్యదర్శి ఎలాగూ ఉంటాడు. వీళ్ళు ముగ్గురూ అన్నదంతా రాసుకుని, అందులో పనికొచ్చేది టైపు చెయ్యడానికి టైపిస్టమ్మ.

టైపిస్టమ్మ ఆ ఆఫీసులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. పద్నాలుగేళ్ళుగా కొత్తగా చేరుతూనే ఉంది. ఆవిడ ఒప్పందం పదకొండు నెలలకి రాస్తారు. అది పూర్తికాగానే ఒక్కరోజు ఉద్యోగంలోంచి తీసేసి, మర్నాడు మళ్ళీ కొత్తగా చేర్చుకుంటారు. ఏడాది నిండితే మనిషి పర్మనెంటు కావాలని అడుగుతుందని ప్రభుత్వానికి భయం. ఆ ఒక్కరోజునీ ఆఫీసులో బ్రేకు అంటారు. బ్రేకు రోజున కూడా ఆవిడ వచ్చి పనిచేస్తుంది, ఎందుకంటే ఏ ఫైలు ఎక్కడుందో ఇంకెవరికీ తెలీదు.

ఇన్నాళ్ళకి ఆవిడకి వేరే ఉద్యోగం కుదిరింది. వాళ్ళక్క తెలిసినవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక బళ్ళో హెడ్ క్లర్కు పని మాట్లాడింది. సోమవారం పొద్దున పదింటికి అసలు సర్టిఫికెట్లు పట్టుకుని చేరాలి. లేకపోతే ఆ కుర్చీలో కూర్చోడానికి ఇంకో మనిషి తయారుగా ఉంది. చిక్కల్లా ఆ సర్టిఫికెట్లతోనే. చేరిన రోజున పరిశీలన కోసమని తీసుకుని కార్యదర్శి తన బీరువాలో పెట్టాడు. ఆ పరిశీలన పద్నాలుగేళ్ళుగా ముమ్మరంగా సాగుతోంది.

"సార్, నా సర్టిఫికెట్లు..." అంది టైపిస్టమ్మ.

"రిపోర్టు కానివ్వమ్మా. ముందు దేశంలో బానిసత్వం లేదని తేలనీ, తర్వాత నీ సంగతి చూద్దాం," అన్నాడు కార్యదర్శి. పైగా ఎంతో ఆప్యాయంగా అన్నాడు. కష్టపెట్టే మాట కూడా కష్టపెట్టకుండా చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

కమిటీ మొదట జైలుకి వెళ్ళింది. వడ్రంగం షెడ్డులో నలభైమంది ఖైదీలు కుర్చీలు చేస్తున్నారు. అందులో పెద్దాయన్ని అందరూ మేస్త్రీ అంటారు. ఆయన కుర్చీ చేతికి చిత్రిక పడుతున్నాడు.

"నువ్వు ఇష్టపడే పనిచేస్తున్నావా?" అని అడిగారు మంత్రిగారు.

"ఇష్టపడే సార్," అన్నాడు జైలరు. "ఇష్టం లేనివాళ్ళు కూడా ఇక్కడ ఇష్టంగానే చేస్తారు."

"బానిసకీ నీకూ తేడా ఏమిటో చెప్పగలవా?" అన్నారు ప్రొఫెసరుగారు మెల్లగా.

మేస్త్రీ చిత్రిక ఆపలేదు. "నేను తప్పు చేసి వచ్చానండి. ఒకణ్ణి కర్రతో కొట్టాను, కాలు పోయింది పాపం. కోర్టువారు ఏడేళ్ళన్నారు. వచ్చే ఏడాది వానలకి ముందు పంపించేస్తారు. కాగితం మీద తేదీ ఉంది. బానిసకి తప్పూ ఉండదు, తేదీ ఉండదు. తప్పు చేసినంత మాత్రాన ఈ పని చేయించుకోవచ్చా అంటే, అది మీలాంటి పెద్దవాళ్ళు తేల్చాలి. నాకు మటుకు తేదీ ఉంది."

ప్రొఫెసరుగారు చేతిలో ఉన్న అరవై పేజీల వ్యాసం మూసేశారు. "నా రెండో అధ్యాయమంతా ఇదే," అన్నారు దిగులుగా.

మంత్రిగారికి హుషారొచ్చింది. "ఇదిగో మేస్త్రీ, ఇప్పుడా పెద్ద తలుపు బార్లా తీసి ఉంచామనుకో. వెళ్ళిపోతావా?"

"వెళ్ళనండి."

"చూశారా! ఇష్టం! రాసుకోమ్మా!"

"అది కాదండి," అన్నాడు మేస్త్రీ. "కాగితం లేకుండా పోతే మళ్ళీ పట్టుకొస్తారు. కాగితం చేతిలో పెట్టుకుని పోతే ఇంకెవరూ అడగరు."

రిపోర్టులోకి మంత్రిగారి మాట ఎక్కింది. టైపిస్టమ్మ తన సొంత నోటుపుస్తకంలో మేస్త్రీ మాట రాసుకుంది.

మర్నాడు ఒప్పందం కూలీల షెడ్డు. కాంట్రాక్టరు గేటు దగ్గరే ఎదురొచ్చి, తాళం తీసి, అందరినీ లోపలికి తీసుకెళ్ళి, మళ్ళీ తాళం వేశాడు.

"వీళ్ళు కూలీలని ఎవరైనా అంటే నాకు కళ్ళలో నీళ్ళొస్తాయి సార్. నా ఇంటి మనుషులు," అన్నాడు.

"వదిలేసి వెళ్ళిపోతుంటారా?"

"ఎందుకెళ్తారు సార్, గేటుకి తాళం ఉంటుంది కదా."

కుర్చీలకి పాలిష్ పడుతున్న ఒకామెని ప్రొఫెసరుగారు పలకరించారు. ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "రెండేళ్ళకని సంతకం పెట్టానండి," అంది. "రెండేళ్ళయ్యాక మళ్ళీ రెండేళ్ళకి పెట్టమన్నారు. పెట్టకపోతే గుర్తింపు కార్డు ఇవ్వరట. అది లేకుండా ఏ ఊళ్ళో ఎవరు పనిస్తారు? మొదటి సంతకం నాదేనండి. తర్వాతవన్నీ కార్డు కోసం పెట్టినవే."

"పోగొట్టుకుంటారని నా దగ్గర దాచాను సార్," అన్నాడు కాంట్రాక్టరు వినయంగా. "పదేళ్ళలో ఒక్క కార్డు పోలేదు. ఇద్దరు మనుషులు పోయారు గానీ కార్డులు మాత్రం భద్రంగా ఉన్నాయి."

మంత్రిగారు అతని భుజం తట్టారు. పెద్దలు ముందుకు నడిచాక పాలిష్ ఆమె టైపిస్టమ్మని చూసి, "మీరెన్నాళ్ళ నుంచీ అమ్మా ఈ పనిలో?" అని అడిగింది.

"పద్నాలుగేళ్ళు."

"మీ కార్డు?"

"కార్డు నా దగ్గరే ఉంది. సర్టిఫికెట్లే సెక్రటరీగారి బీరువాలో ఉన్నాయి."

"గేటుకి తాళం వేస్తారా?"

"లేదు. గేటే లేదు."

"మరి?" అంది ఆమె.

టైపిస్టమ్మకి సిగ్గేసింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మాట వాళ్ళక్కతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

"సంబరం! ఏడవడానికి మాత్రం తీరికుంటుంది," అంది అక్క. "ఇరవైమందిని బతిమాలి నీకా పని మాట్లాడానే. నోట్లో నాలుక లేకపోతే ఎలా? గట్టిగా అడుగు!"

"అడుగుతూనే ఉన్నానక్కా."

"నువ్వు అడుగుతున్నట్టు ఆయనకి తెలుస్తోందా?"

ఇక మిగిలింది బానిస. ఖైదీనీ చూశారు, ఒప్పందం కూలీనీ చూశారు. పోల్చి చూడ్డానికి బానిస కావాలి కదా.

"ఒక్కడైనా దొరకడా?" అన్నారు మంత్రిగారు.

"చట్టం చేసి ఎప్పుడో రద్దు చేశారు సార్."

"రద్దయినవి ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయయ్యా. మన పాత ఫారాలు మిగల్లేదూ?"

ప్రొఫెసరుగారు గొంతు సవరించుకున్నారు. "ఖైదీ పని తప్పుకి శిక్ష. ఒప్పందం కూలీ పని ఇచ్చిన మాటకి కట్టుబాటు. బానిస పనికి అసలు కారణమే ఉండదు. ఏ కారణమూ లేకుండా పనిచేసే మనిషి కావాలి మనకి."

"అలాంటివాళ్ళు మన శాఖలో లేరు. కారణం ఉన్నా చెయ్యరు," అన్నారు మంత్రిగారు నిజాయితీగా. "పేపర్లో వెయ్యండి."

పేపర్లో వేశారు. కార్యదర్శి చెబుతుంటే టైపిస్టమ్మే కొట్టింది. "బానిస కావలెను. పోస్టు ఒకటి. జీతము లేదు. తిండి, బట్ట, నీడ యజమాని చూసుకొనును. మానుటకు వీలు లేదు. పదవీ విరమణ లేదు. అనుభవము గలవారికి ప్రాధాన్యము."

మర్నాడు పొద్దున్నకల్లా ఆఫీసు ముందు నుంచి మూడు వీధుల దాకా వరస నిలబడింది. మధ్యాహ్నానికి నాలుగు వేల మంది తేలారు. పోలీసులొచ్చి తాళ్ళు కట్టారు. కొందరు ఎమ్మెల్యేల సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకున్నారు. ఒకాయన అనుభవానికి రుజువుగా పెళ్ళి ఫొటో తెచ్చాడు. ఆయన దరఖాస్తుని కార్యదర్శి సానుభూతితో పక్కన పెట్టాడు.

మొదట లోపలికొచ్చినవాడు రెండు డిగ్రీలున్న యువకుడు. "సార్, మానడానికి వీల్లేదని వేశారు. అంటే తీసెయ్యడానికి కూడా వీల్లేదు కదా?"

"లేదు."

"అంటే పర్మనెంటే కదా సార్?" అన్నాడు. "బ్రేకులూ గట్రా ఉండవు కదా?"

తర్వాత ఒక తల్లి వచ్చింది. "బాబూ, ఈ ఉద్యోగం మా తర్వాత పిల్లలకి వస్తుందా?"

"వెనకటి పద్ధతిలో అయితే వచ్చేదమ్మా," అన్నారు ప్రొఫెసరుగారు నేలచూపులు చూస్తూ.

"మీ కడుపు చల్లగా ఉండ!" అని ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ప్రొఫెసరుగారు ఆ తర్వాత టీ తాగలేదు.

సాయంత్రానికి కమిటీకి ఒక గొప్ప చిక్కు వచ్చిపడింది. తనంతట తాను వచ్చి అడిగినవాడు బానిస ఎలా అవుతాడు? బానిసని ఎవరో బలవంతాన లాక్కురావాలి. కాబట్టి ఇష్టపడి వచ్చిన నాలుగు వేల మందీ అనర్హులు. ఇష్టం లేనివాళ్ళు దరఖాస్తు పెట్టలేదు. పోస్టు ఖాళీగా ఉండిపోయింది.

మంత్రిగారు మాత్రం కుర్చీలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు. "రాసుకోమ్మా! బానిస కోసం దేశమంతా గాలించాం. అర్హత ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు. కనుక దేశంలో బానిసత్వం లేదు!"

ఇంత నిక్కచ్చి రుజువు చూసి టైపిస్టమ్మకి కూడా మతిపోయింది. రిపోర్టు చివర ప్రొఫెసరుగారు ఒక ఫారం తయారుచేసి పెట్టారు. అందులో నాలుగు ప్రశ్నలు, మూడు గడులు. నీ అంతట నువ్వే వచ్చావా? వద్దనుకుంటే పోగలవా? ఎప్పుడు వదులుతారో తేదీ ఉందా? నీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి? జవాబుల్ని బట్టి మనిషి మొదటి గడిలో పడితే బానిస, రెండో గడిలో పడితే ఖైదీ, మూడో గడిలో పడితే ఒప్పందం కూలీ. ఏ కార్మికుణ్ణయినా రెండు నిమిషాల్లో తేల్చెయ్యొచ్చు.

గురువారం టైపిస్టమ్మకి బ్రేకు వచ్చింది. అంటే ఆవేళ ఆవిడ ఆ ఆఫీసుకి ఏమీ కాదు. అయినా రిపోర్టు మర్నాటికి కావాలి. బయటి మనిషి కాబట్టి సందర్శకుల బల్ల మీద కూర్చుని, ఒళ్ళో మెషీను పెట్టుకుని టైపు చేసింది. మధ్యాహ్నం లేచి కార్యదర్శి గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇవాళ నేను మీ ఉద్యోగిని కాదు. నా సర్టిఫికెట్లు ఇచ్చెయ్యండి. మీకూ నాకూ ఏ చిక్కూ ఉండదు."

కార్యదర్శి జాలిగా చూశాడు. "అదేనమ్మా ఇబ్బంది. ఆఫీసు బీరువాలో ఉన్న కాగితాలు బయటి మనిషికి ఎలా ఇస్తాను? నా ఉద్యోగం పోదూ?"

"పోనీ రేపు?"

"రేపు మళ్ళీ నువ్వు మా మనిషివి. మా మనుషుల సర్టిఫికెట్లు మా దగ్గరే ఉండాలని రూలు."

టైపిస్టమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మరి ఏ రోజున ఇస్తారు సార్?"

"అది రూల్లో లేదమ్మా," అన్నాడు. పాపం, ఆయన తప్పేం లేదు. రూలు నిజంగానే అంతవరకే ఉంది.

శుక్రవారం కంపెనీ తరఫున ఒకావిడ విమానం దిగి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, ముక్కు మీద కళ్ళద్దాలతో, మాట్లాడే ప్రతి మాటా ఆచితూచి మాట్లాడే మనిషి. వాళ్ళ వ్యాపారం ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉండటంతో తెలుగు బాగానే వచ్చు. పెద్ద హాల్లో రిపోర్టు చదివి వినిపించారు. ఆవిడ అంతా విని, "బాగుంది. ఈ ఫారం ఎలా పనిచేస్తుందో ఒకసారి చూపిస్తారా? ఎవరైనా సరే, ఒక మనిషి మీద," అంది.

హాల్లో ఉన్నవాళ్ళంతా బల్లల కింద ఏదో పడిపోయినట్టు వెతకడం మొదలెట్టారు. మంత్రిగారు ఛాతీ విరుచుకుని లేచారు.

"ఎవరో ఎందుకు? నన్నడగండి. ఈ దేశంలో ప్రజలకి మొట్టమొదటి సేవకుణ్ణి నేను!"

చప్పట్లు మోగాయి. ఫారం చేతిలో ఉన్నది టైపిస్టమ్మకే కాబట్టి ఆవిడే లేచి అడిగింది.

"మీ అంతట మీరే ఈ పనిలోకి వచ్చారా సార్?"

"ఛ ఛ! నాకు పదవి మీద ఏనాడూ ఆశ లేదమ్మా," అన్నారు మంత్రిగారు హాలంతటికీ వినబడేట్టు. "వద్దు మొర్రో అంటున్నా వినకుండా బలవంతంగా లాక్కొచ్చి కూర్చోబెట్టారు."

టైపిస్టమ్మ టిక్కు పెట్టింది. "వద్దనుకుంటే పోగలరా సార్?"

"ఎలా పోతాను? మా నాయకుడుగారు పొమ్మనాలి. ఆయన మాట జవదాటను. క్రమశిక్షణ!"

"ఎప్పుడు వదులుతారో తేదీ ఏమైనా..."

"తేదీ మా నాయకుడిగారి ఇష్టం. గెలిచిన రోజునే మేమందరం రాజీనామా రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చేశాం. తేదీ ఖాళీగా ఉంచాం. ఆయనకి ఎప్పుడు వీలైతే అప్పుడు వేసుకుంటారు. ఏ పార్టీలో ఉందమ్మా ఇంత నిబద్ధత?"

"ఆ కాగితం ఇప్పుడు..."

"ఆయన బీరువాలో ఉంది," అన్నారు మంత్రిగారు. ఆ మాట అన్నాక ఆయన గొంతు కొంచెం తగ్గింది.

కంపెనీ ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. "ఏ గడిలో పడ్డారు?"

టైపిస్టమ్మ ఫారం వంక చూసింది. నాలుగు టిక్కులూ ఒకే గడిలో, ఒకదాని కింద ఒకటి, చక్కగా పడ్డాయి. కార్యదర్శి ముఖాన చెమటలు కారుతున్నాయి. ఆయన వంగి ఆవిడ చెవిలో, "రెండో గడి అని చెప్పమ్మా," అన్నాడు.

"అది ఖైదీలది సార్."

"మూడోది!"

"దానికి తేదీ ఉండాలి సార్."

"ఏదో ఒకటి చెప్పి పుణ్యం కట్టుకో తల్లీ! ఎనభై వేల కుర్చీలు!"

టైపిస్టమ్మ ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టింది. పద్నాలుగేళ్ళలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదటిసారి. "బీరువా తాళంచెవి ఇవ్వండి సార్."

కార్యదర్శి నోరు తెరిచాడు. హాలంతా చూస్తోంది. నోరు మూసుకుని, జేబులోంచి తాళంచెవి తీసి, బల్ల కింద నుంచి ఆవిడ చేతిలో పెట్టాడు.

టైపిస్టమ్మ ఫారం మడిచి తలెత్తింది. "మంత్రిగారు ఏ గడిలోనూ పట్టరండి. ఈ ఫారం కుర్చీలు చేసేవాళ్ళకి మాత్రమే."

కంపెనీ ఆవిడ ఒక్క క్షణం టైపిస్టమ్మ కళ్ళలోకి చూసింది. "నిజమే," అంది. "ఆయన కుర్చీలు చెయ్యరు కదా. మాకు చేసేవాళ్ళ సంగతి చాలు." ఆ చేసేవాళ్ళ సంగతి కూడా ఆవిడ ఇంకేం అడగలేదు. సంతకం పెట్టేసింది. చప్పట్లు, ఫొటోలు, బిస్కెట్లు.

ఆ సందడిలో టైపిస్టమ్మ కార్యదర్శి గదిలోకి వెళ్ళి బీరువా తెరిచింది. లోపల అరవై, డెబ్భై కవర్లున్నాయి. ఆఫీసులో ఉన్నవాళ్ళవి, మానేద్దామనుకుని మానలేనివాళ్ళవి, ఇద్దరు చనిపోయినవాళ్ళవి. తనది కింది అరలో ఉంది. కాగితాల అంచులు పసుపుపచ్చగా మారాయి, అంతే. పదో తరగతి సర్టిఫికెట్టు మీద పేరు చదువుకుంటే ఎవరిదో అనిపించింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తాళంచెవి బీరువాకే వదిలేసి, ప్యూనుని పిలిచి, "ఇవాళ తెరిచి ఉంది. అందరికీ చెప్పు," అని బయటికొచ్చింది.

వరండాలో మంత్రిగారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఫొటోలైపోయాక ఎవరూ వెంట రాలేదు.

"ఏమ్మా, ఆ కవర్లో ఏమిటి?"

"నా సర్టిఫికెట్లు సార్. పద్నాలుగేళ్ళుగా సెక్రటరీగారి బీరువాలో ఉన్నాయి."

"ఎలా బయటికొచ్చాయి?"

"తాళంచెవి అడిగాను సార్. ఇచ్చారు."

మంత్రిగారు ఆ కవరు వంక చాలాసేపు చూశారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు బాగా తగ్గించి, "అడిగితే ఇస్తారా?" అన్నారు.

టైపిస్టమ్మ జవాబు చెప్పేలోగా ఆయన జేబులో ఫోను మోగింది. పేరు చూసి, నిలబడే ఉన్న మంత్రిగారు ఇంకోసారి నిలబడ్డారు. "చిత్తం సార్... ఆర్డరు వచ్చేసింది సార్... ఇవాళా సార్?... లేదు లేదు సార్, తేదీ మీ ఇష్టం సార్," అన్నారు. టైపిస్టమ్మ ఆయనకి అడ్డు రాకుండా పక్కకి జరిగి, కవరు చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.